అరగని పెట్టె

మృదుల చేసిన తప్పల్లా ఒక్కటే. సమీక్షా సమావేశంలో పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, పైగా కాంట్రాక్టు మనిషి, లోకం పోకడ ఆమెకేం తెలుస్తుంది. సర్వీసు ముదిరినవాళ్ళయితే "పరిశీలనలో ఉంది సార్" అనేసి ప్లేటులో సమోసా అందుకునేవారు. మృదుల మాత్రం లేచి నిలబడి మరీ నిజం చెప్పింది. దాని ఫలితం చివరికి గోదావరి కూడా అనుభవించాల్సి వచ్చింది.

ఆమె ఆఫీసు వరద సూచికల విభాగం వారిది. గోదావరి పొంగుతుంటే లంక గ్రామాలకు ముందుగా కబురు చెప్పడం దాని పని. ఇన్నాళ్ళూ ఆ కబురు గట్ల కాపలా చూసే లస్కరు సైకిలు మీద వెళ్ళి చెప్పేవాడు. చాలాసార్లు సైకిలు కంటే గోదావరే ముందు చేరేది. కిందటేడు సూరప్పలంకలో అదే జరిగింది. లస్కరు రేవులో సైకిలు దిగి "వరదొత్తందండోయ్" అని కేకేస్తే, అవతలి ఒడ్డున పాలమ్ముకునే మంగాయమ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి "వచ్చేసింది నాయనా, నువ్వే ఇప్పుడొచ్చావు" అని జవాబిచ్చింది. ఆ వరదకు ఆమె పాడిగేదెలు సగం కొట్టుకుపోయాయి. మిగిలినవి రెండు.

ఈ ఏడు ప్రభుత్వం వారు కొత్త యంత్రాలు మంజూరు చేశారు. రేవులో ఒక స్తంభం, దానికొక ఇనప్పెట్టె, పెట్టె నెత్తిన సోలార్ పలక, ఆ పైన నాలుగూళ్ళకు వినబడే సైరన్. పెట్టెలో అరచెయ్యంత బోర్డు ఉంటుంది. అది పది నిమిషాలకోసారి కళ్ళు తెరిచి నీటిమట్టం చూసుకుని, కరెంటు ఆదా కోసం మళ్ళీ పడుకుంటుంది. పడుకోబోయే ముందు చూసిందేదో ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి. లేకపోతే లేచాక దానికేమీ గుర్తుండదు. ఇందాకటికీ ఇప్పటికీ నీళ్ళు ఎంత పెరిగాయో పోల్చుకుంటేనే కదా సైరన్ మోగించాలో వద్దో తెలిసేది. ఆ రాసుకోవడానికే బోర్డు మీద ఫ్లాష్ మెమరీ అని ఒక చిప్పు ఉంది. ఆ చిప్పు మీద ఫైల్ సిస్టమ్ అమర్చి పెట్టడం మృదుల పని. చెయ్యి తిరిగినవాళ్ళకు పూట కూడా పట్టదు.

స్తంభం పాతించిన రోజున మంగాయమ్మ పడవ దిగి వచ్చి అంతా ఎగాదిగా చూసింది. "ఇది మోగితే మేం గట్టెక్కెయ్యాలన్నమాట" అంది.

"అవునండీ. ఈ ఏడు మీ గేదెలు కాలు తడవకుండా గట్టెక్కుతాయి, నాదీ పూచీ" అంది మృదుల.

మాటవరసకి అన్నదే. అన్నాక మాత్రం ఆ పని జీతం కోసం చేసే పనిలా అనిపించడం మానేసింది.

ఇక ఆ సమావేశం సంగతి. సర్కిల్ మొత్తానికి పెద్దాయన సూపరింటెండింగ్ ఇంజినీరు వేదాద్రి గారు. పొదుపులో ఆయనది అందెవేసిన చెయ్యి. ఆఫీసుకు ఏ వస్తువు వచ్చినా, వాడకపోవడమే దానికి చేసే మర్యాద అని ఆయన నమ్మకం. కొత్త జెరాక్సు మిషనుకు ఆయుధపూజ నాటి కుంకుమబొట్టు తప్ప ఇంకే మరకా అంటలేదు. జెరాక్సు కావలసినవాళ్ళు రోడ్డు దాటి కొట్టుకు వెళ్ళేవారు. సమావేశ మందిరంలో కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. ఎండాకాలంలో ఎవరైనా లేచి మాట్లాడబోతే కుర్చీ కూడా కొంత దూరం వెంట లేచేది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఇవన్నీ చూసి "ఎంత కొత్తగా ఉంచారండీ" అని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోళ్ళతోనే ఆయన ఇంత దూరం వచ్చారు.

"చూడమ్మా, ఆ చిప్పు ఎన్నాళ్ళు మన్నుతుంది?" అని అడిగారు వేదాద్రి గారు.

మృదుల కుర్చీని వదిలించుకుని లేచింది. "సార్, అది సత్రం లాంటిదనుకోండి. లోపల బోలెడు గదులుంటాయి. ఒక గదిలో కొత్తగా ఏదైనా రాయాలంటే ముందు ఆ గదిని ఖాళీ చేసి కడగాలి. ఒక్కో గదినీ సుమారు లక్ష సార్లు కడగొచ్చు. ఆ తర్వాత అరిగిపోతుంది. కానీ మనం రాసే లెక్కకు..."

"అరుగుతుందా?" అన్నారు వేదాద్రి గారు. టీ కప్పు కింద పెట్టేశారు.

"అరుగుతుంది సార్, కానీ..."

ఆ ఆఫీసులో 'కానీ' తర్వాతి మాట వినే అలవాటు ఎవరికీ లేదు. మన రాతల లెక్కకు మన మనవలు రిటైరైనా ఆ చిప్పు అరగదని ఆమె చెప్పింది గానీ, అప్పటికే అందరూ పెద్దాయన ముఖం చూస్తున్నారు. పెద్దాయన కిటికీ లోంచి గోదావరిని చూస్తున్నారు. ఆ చూపులో అనుమానం ఉంది.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. పరిపాలనాధికారి సోమయాజులు గారు స్వయంగా తయారుచేశారు. పాత కాలం భాష మీద ఆయనకు మమకారం.

"ప్రభుత్వ ఆస్తులయందు అరుగుదల అనునది చౌర్యముకన్న ప్రమాదకరమైనది. చోరుడు ఒకమారు దోచును. అరుగుదల అనునిత్యము దోచును. కావున సదరు చిప్పునందు ఇకమీదట ఏ విధమైన లేఖనమునకైనను ముందస్తు అనుమతి తప్పనిసరి యని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

మృదుల ఆ కాగితం పట్టుకుని పెద్దాయన గదికి పరిగెత్తింది. "సార్, పెట్టె పది నిమిషాలకోసారి రాసుకోవాలి. ప్రతిసారీ అనుమతి అంటే ఎలా సార్?"

"అదేనమ్మా నేనడిగేది. పది నిమిషాలకోసారి ఎందుకు? గోదావరికంత తొందరేమొచ్చింది?"

సోమయాజులు గారు మాత్రం మంచి మనిషి. "నువ్వు మట్టం రాసి పంపు తల్లీ, నేను ఫైల్లో పెట్టి పైకి పుటప్ చేస్తాను" అని ధైర్యం చెప్పారు. ఆమె పంపింది. పది నిమిషాలకు ఇంకోటి కూడా పంపింది. ఆ రెండో కాగితం నాలుగు బల్లలు దాటి, అయిదో బల్ల దగ్గర ఒక అభ్యంతరంతో వెనక్కి వచ్చింది. మొదటి కాగితంలోని మట్టానికీ రెండో కాగితంలోని మట్టానికీ తేడా ఉన్నదట, కారణం తెలపాలట.

"నీళ్ళు పెరిగాయి" అని రాసి పంపింది మృదుల.

"ఎవరి ఉత్తర్వుల మేరకు?" అని తిరిగి వచ్చింది.

అనుమతి వచ్చేనాటికి ఆ మట్టం సముద్రంలో కలిసి చాలా రోజులైంది. పోనీ ఆ ఒక్కటైనా రాద్దామంటే, అసలు చిప్పు మీద ఫైల్ సిస్టమే లేదు. అది అమర్చాలంటే ముందు చిప్పు మొత్తం ఒకసారి కడగాలి. మృదుల ఆ మాట పెద్దాయన ముందు పెట్టింది.

"కొత్త చిప్పును కడగడమేమిటమ్మా? మైల పడిందా? ఒక్క రోజు వాడకుండానే దాని ఖాతాలో ఒక అరుగుదలా?" అన్నారాయన. నిజంగానే బాధ పడ్డారు.

"సార్, ఫైల్ సిస్టమ్ ఉంటేనే మేలు సార్. అది సత్రంలో గుమస్తా లాంటిది. ఎప్పుడూ ఒకే గది ఇవ్వకుండా అన్ని గదులూ వంతులవారీగా వాడుతుంది. దాంతో ఏ ఒక్క గదీ తొందరగా అరగదు."

"అంటే ఒక గది పాడయ్యే చోట అన్ని గదులూ తలా కాస్త పాడు చేస్తుందన్నమాట."

"మన గెస్ట్ హౌస్ చూడు తల్లీ" అని అందుకున్నారు సోమయాజులు గారు. "వచ్చినవాళ్ళందర్నీ ఒకటో నంబరు గదిలోనే దింపుతాం. మిగతావాటికి తాళాలు. వెళ్ళి చూడు, పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి."

"మరి ఆ ఒకటో నంబరు గది సార్?"

"అది కూలిపోయింది" అన్నారాయన, ఏమాత్రం తడుముకోకుండా.

అలా ఫైల్ సిస్టమ్‌కు అనుమతి రాలేదు. పెట్టె మాత్రం రేవులో నిలబడి పది నిమిషాలకోసారి కళ్ళు తెరుస్తూనే ఉంది. ప్రతిసారీ అది కొత్తగా పుట్టినట్టే. చూసిన మట్టమే దాని జన్మలో మొదటి మట్టం. పోల్చుకోవడానికి ఇంకోటి లేదు కనుక, దాని లెక్కలో గోదావరి ఏనాడూ పెరగలేదు. ఆ సంగతి మృదుల వివరంగా రాసి పంపితే, "వరదలు లేకపోవుట హర్షణీయం" అని పక్కన రాసి సంతకం పెట్టారు పెద్దాయన.

ఈ పొదుపు సంగతి రాజధానిలో ప్రధాన కార్యాలయం చెవిన పడింది. అక్కడివాళ్ళు పొంగిపోయారు. రాష్ట్రమంతటా శూన్య లేఖన పక్షోత్సవాలు జరపాలని ఆదేశించారు. ప్రతి సర్కిలూ తమ పెట్టెల్లో ఎంత తక్కువ రాశారో నివేదిక పంపాలి. ఊళ్ళో ర్యాలీ తీశారు. స్కూలు పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టి, రాతలు తగ్గించాలన్న విషయం మీద పేజీలకు పేజీలు రాయించారు. మొదటి బహుమతి మాత్రం ఖాళీ కాగితం ఇచ్చిన పిల్లకు దక్కింది. ఆ పిల్లకు జ్వరమని తర్వాత తెలిసింది.

పోటీ చివరికి రెండు సర్కిళ్ళ మధ్య తేలింది. ఇద్దరివీ సున్నా రాతలే. పక్క జిల్లా వాళ్ళు తమ పెట్టెను అట్టపెట్టె లోంచి బయటికే తియ్యలేదు కనుక తమది ఇంకా గొప్ప సున్నా అని వాదించారు. వేదాద్రి గారికి ఒళ్ళు మండింది.

"అది పొదుపు కాదండీ, బద్ధకం. మనది చూడండి. పెట్టెను గోదావరికి ఎదురుగా నిలబెట్టాం. పగలూ రాత్రీ నీళ్ళు చూపిస్తున్నాం. అయినా ఒక్క అక్షరం రాయనివ్వలేదు. నిగ్రహం అంటే అదీ."

ప్రధాన కార్యాలయం ఈ వాదనకు తలవంచింది. బహుమతి వేదాద్రి గారికే. చీఫ్ ఇంజినీరు గారు స్వయంగా సూరప్పలంక రేవుకు వచ్చి, పెట్టె సమక్షంలోనే అందజేస్తారని కబురు వచ్చింది.

ఆ రోజుల్లోనే మంగాయమ్మ ఆఫీసుకు వచ్చింది. క్యాంటీనుకు పాలు పోసేది ఆమే. క్యాను గోడ వారన పెట్టి మృదుల బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏటమ్మా ఇంజినీరమ్మా, మీ పెట్టికి మాటలొచ్చాయా?"

"ఇంకా లేదు మంగాయమ్మగారూ. అనుమతి రావాలి."

"మోగడానికి అనుమతేటమ్మా. గోదారేమన్నా అనుమతడిగొత్తాదా?"

మృదుల బల్ల మీది సర్క్యులర్ తీసి చూపించబోయింది.

"నాకు మిగిలినియ్యి రెండే. ఆటి పాలతోనే ఇల్లు నడుత్తంది. పెతీ యేడూ వానలు మొదలవ్వగానే గట్టుమీద పాకేసి ఆటినక్కడ కట్టేసేదాన్ని. ఈ యేడు నువ్వు మాటిచ్చావని ఎయ్యలేదు. ఉన్న తాటాకు ఇంటి మీద కప్పేశాను."

ఆమె కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పి క్యాను తీసుకుని వెళ్ళిపోయింది. మృదులకు సిగ్గుతో చచ్చినంత పనైంది. లాప్‌టాప్ తెరిచింది. రేవుకు వెళ్ళి ఒక్క తీగ తగిలిస్తే చాలు. కానీ కాంట్రాక్టు రెన్యువల్ కాగితం పెద్దాయన బల్ల మీదే ఉంది. ఆ నెల ఇంటద్దె, తమ్ముడి ఫీజు, అన్నీ గుర్తొచ్చాయి. లాప్‌టాప్ మూసేసింది.

బహుమతి ప్రదానం నాడు రేవులో శామియానా వేశారు. ప్లాస్టిక్ కవర్లతో సహా కుర్చీలు లారీలో దింపారు. పెట్టెకు బంతిపూల దండ వేసి, పసుపు రాశారు. చీఫ్ ఇంజినీరు గారు మైకు పట్టుకున్నారు.

"ఈ పెట్టెను చూడండి. తయారైన నాడు ఎలా ఉందో నేడూ అలాగే ఉంది. మన ఉద్యోగులందరూ ఈ పెట్టెను ఆదర్శంగా తీసుకోవాలి. ఏ బాధ్యత అప్పగించినా చలించకుండా..."

మృదుల ఉపన్యాసం వినడం లేదు. స్తంభం మీద రంగుతో వేసిన అంకెలు చూస్తోంది. ఇందాక కనబడిన అంకె ఇప్పుడు లేదు. నీళ్ళు ఎరుపు తిరిగాయి. గుర్రపుడెక్క గుత్తులు గుత్తులుగా కొట్టుకొస్తోంది. ఆమె వంగుతూ వెళ్ళి వేదాద్రి గారి చెవిలో చెప్పింది.

"సార్, నీళ్ళు పెరుగుతున్నాయి."

"పెట్టె ఏమంటోంది?"

"ఏమీ అనదు సార్. దానికి గుర్తుండదు కదా."

"అయితే పెరగడం లేదు. వెళ్ళి కూర్చో."

మృదుల కూర్చోలేదు. ఒడ్డు చివరికంటా పరిగెత్తి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని, పాయ అవతలికి కేకలు వేసింది. గేదెల్ని విప్పండి, గట్టెక్కండి, వరదొస్తోంది అని అరిచింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. మైకులో చప్పట్ల గోలే అనుకున్నారు. ఆమె మళ్ళీ మళ్ళీ అరిచింది. గొంతు చీరుకుపోతున్నా ఆపలేదు. చివరికి మంగాయమ్మ కొంగు బిగించి గేదెల కొట్టం వైపు పరుగెత్తడం కనిపించింది. ఆమె వెనక లంకంతా కదిలింది. గేదెలు ఈదుకుంటూ, మనుషులు పడవల మీద, ఒకళ్ళ వెనక ఒకళ్ళు ఇవతలి గట్టెక్కారు. అప్పటికి నీళ్ళు శామియానాలోకి కూడా వచ్చాయి. చీఫ్ ఇంజినీరు గారిని కుర్చీతో సహా ఎత్తుకుని జీపు దాకా మోశారు. కవర్లు ఉండబట్టి కుర్చీలు తడవలేదని సోమయాజులు గారు ఆ తర్వాత చాలా మందికి చెప్పుకున్నారు.

గట్టు మీద మంగాయమ్మ గేదెలు రెండూ ఒళ్ళు దులుపుకుంటుంటే చూసి మృదుల అక్కడే బురదలో కూలబడి ఏడ్చేసింది. ఇక ఉద్యోగం ఊడినట్టే అనుకుంది.

ఊడలేదు. చీఫ్ ఇంజినీరు గారు ఆరిన బట్టలు కట్టుకుని ఆలోచించగా, ఇందులో ఒక మహత్తరమైన విషయం కనిపించింది. వరద వచ్చింది, హెచ్చరిక జరిగింది, ప్రాణనష్టం లేదు, చిప్పులో మాత్రం ఒక్క రాత కూడా పడలేదు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

"సదరు ఇంజినీరు యొక్క జ్ఞాపకశక్తి సహజసిద్ధమైనది, అరుగుదల లేనిది, మీదుమిక్కిలి ప్రభుత్వ ఆస్తి కానిది. కావున ఇకమీదట ఆమె స్తంభము క్రింద ఆసీనురాలై, ప్రతి పది నిమిషములకు మట్టమును చూచి, జ్ఞాపకముంచుకొని, పెరిగినయెడల కేక వేయవలెను. తీరిక వేళలయందు పెట్టెపై దుమ్ము తుడువవలెను."

ఇంజినీరింగ్ చదివిన పిల్ల అలా స్తంభం కింద స్టూలేసుకుని కూర్చుంది. రెన్యువల్ కాగితం మీద సంతకం పడింది గనక కాదనలేకపోయింది. ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. గోదావరి ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఎక్కినప్పుడల్లా మృదుల అరిచింది. లంకవాళ్ళు గట్టెక్కారు, దిగారు, మళ్ళీ ఎక్కారు. తెల్లవారుజాముల చలిలో, వర్షంలో అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. తర్వాత కీచుమంది. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు. ఊళ్ళో డాక్టరు టార్చి వేసి చూసి, స్వరతంతువులు దెబ్బతిన్నాయి, నోరు విప్పకుండా విశ్రాంతి తీసుకోకపోతే గొంతు శాశ్వతంగా పోతుంది అని సర్టిఫికెట్ రాసిచ్చాడు. ఆమె దాన్ని సెలవు చీటీకి జతపరిచి పంపింది.

వేదాద్రి గారు సర్టిఫికెట్ చదివి నిర్ఘాంతపోయారు. ఆయన చెడ్డవాడేం కాదు. చేతిలో ఉన్న వస్తువేదైనా అరిగిపోతోందంటే తట్టుకోలేరు, అంతే. సెలవు మంజూరు చెయ్యలేదు గానీ వెంటనే సోమయాజులు గారిని పిలిపించారు.

"మానవ కంఠము సైతము అరుగుదలకు లోబడు వస్తువని వైద్యులు ధ్రువీకరించియున్నారు. కావున సదరు ఇంజినీరు వేయు ప్రతి కేకకును ఇకమీదట ముందస్తు అనుమతి తప్పనిసరి. అత్యవసర పరిస్థితులయందు అనుమతి కొరకు కేక వేయరాదు."

ఆ సర్క్యులర్ రేవుకు చేరేసరికి మంగాయమ్మ మిరియాల పాలు తెచ్చి దగ్గర కూర్చుంది. "ఏటంట?" అంది.

మృదుల ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు లేని గొంతుతో విషయం చెప్పింది.

మంగాయమ్మ సర్క్యులర్ వంకా పెట్టె వంకా చూసింది. "అంటే పెట్టీ మోగదు, నువ్వూ కేకెయ్యవు. మరిప్పుడు గోదారొత్తే మాకెవరు సెప్తారమ్మా?"

మృదులకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ రావలసిన కోపమంతా కలిపి ఒక్కసారే వచ్చింది. పెద్దాయన మీద సగం, తన మీద సగం. పాల గ్లాసు కింద పెట్టి లేచింది. సంచీ లోంచి లాప్‌టాప్ తీసింది. తన దగ్గరున్న చెవితో పెట్టె తాళం తీసి, మూత తెరిచి, బోర్డుకు తీగ తగిలించింది.

ముందు చిప్పంతా కడిగింది. తయారీలోనే చెడిపోయిన గదులేమైనా ఉంటే వాటికి గుర్తు పెట్టి పక్కన పెట్టింది. మిగిలిన గదులు ఫైల్ సిస్టమ్‌కు అప్పజెప్పింది. వంతులవారీగా వాడుకోమంది. బోర్డు నిద్రలేచినప్పుడల్లా ముందు ఆ చిప్పునే తెరిచి చూసుకునేలా సర్దింది. అంతా అయ్యాక నమ్మకం చాలక లోపలి బ్యాటరీ తీగ పీకేసింది. పెట్టె ఆరిపోయింది. మళ్ళీ తగిలించింది. పెట్టె కళ్ళు తెరిచి, ఆరిపోక ముందు చూసిన మట్టాన్ని లాప్‌టాప్ తెర మీద చూపించింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పెట్టెకు 'ఇందాక' అనేది ఒకటి ఉంటుందని తెలియడం అదే మొదటిసారి.

"అయిపోయిందా? ఇంతేనా?" అంది మంగాయమ్మ. పాలింకా వేడిగానే ఉన్నాయి.

మృదుల తలూపింది. మూత వేసి, తాళం వేసి, ఎప్పటిలాగే పైన దుమ్ము తుడిచింది.

నాలుగు రోజుల తర్వాత ఓ మధ్యాహ్నం సైరన్ మోగింది. నాలుగూళ్ళకేమిటి, ఊళ్ళో ఆఫీసు కిటికీ అద్దాలు కూడా అదిరాయి. సూరప్పలంక మొత్తం తాపీగా, వండిన అన్నం గిన్నెలతో సహా గట్టెక్కింది. మంగాయమ్మ గేదెల్ని అందరికంటే ముందు తోలుకొచ్చింది. పాయ ఇంకా పొంగలేదు గనక వాటి కాళ్ళు మోకాళ్ళ దాకా కూడా తడవలేదు. నీళ్ళు లంక మీదికి వచ్చేసరికి అక్కడ కోళ్ళు కూడా లేవు.

మృదుల ఫోను మోగింది. వేదాద్రి గారు. ఆమె నోరు తెరిచింది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. మంగాయమ్మ ఫోను లాక్కుంది.

"ఎవరమ్మా అనుమతి లేకుండా కేక వేసింది?" అన్నారు వేదాద్రి గారు.

"ఆ పిల్లకి గొంతేది బాబూ. మాటే రాటం లేదు, ఇంక కేకేటి."

"మరి ఆ మోతేమిటి?"

"ఏమో బాబూ. మీ పెట్టికి మీరే తాళమేసుకున్నారు గదా."

వేదాద్రి గారు ఫోను పెట్టేసి ఆలోచనలో పడ్డారు. మృదుల అరవలేదు, డాక్టరు సర్టిఫికెట్ సాక్ష్యం. పెట్టె మోగే వీలు లేదు, రాతకు తానే అనుమతి ఇవ్వలేదు. అనుమానముంటే పెట్టె తెరిచి చూడొచ్చని ఎవరో అన్నారు.

"చదివితే కూడా అరుగుతుందేమో సార్" అన్నారు సోమయాజులు గారు.

ఆ మాటతో విచారణ ముగిసింది. ప్రధాన కార్యాలయానికి నివేదిక వెళ్ళింది. "ఏ యంత్రమును వాడకయే, ఏ ఉద్యోగియు నోరు విప్పకయే, ప్రజలు స్వచ్ఛందముగా గట్టెక్కిరి. విభాగము పెంపొందించిన చైతన్యమునకు ఇంతకన్న నిదర్శనము లేదు." వేదాద్రి గారికి ప్రమోషన్ మీద రాజధానికి బదిలీ అయింది. ప్రజలే చైతన్యవంతులయ్యాక కేక వేసే మనిషి దండగ అని తేలింది గనక మృదుల కాంట్రాక్టు రద్దయింది. ఆ కాగితం ఇస్తూ ఆయన ఆమె భుజం తట్టి, "నీ గొంతు కాపాడాను చూశావా అమ్మా" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

ఉద్యోగం పోయినందుకు బాధ లేదంటే అబద్ధం. తమ్ముడికి ఏం చెప్పాలో తెలియక రెండు రోజులు ఫోను చెయ్యలేదు. ఊరు వదిలి వెళ్ళే రోజున మృదుల బస్సు ఎక్కబోయే ముందు రేవుకు వచ్చింది. గొంతు అప్పుడప్పుడే తిరిగి వస్తోంది. మంగాయమ్మ గేదెల్ని కడిగి ఒడ్డుకు తోలుతోంది.

"నువ్వెళ్ళిపోతే అది మోగుద్దా?" అని పెట్టె వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"మోగుతుంది. మీ మనవరాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా మోగుతుంది."

"మరి ఆళ్ళకి తెలిసిపోయి ఆపేత్తేనో?"

"తెలియాలంటే పెట్టె తెరవాలి మంగాయమ్మగారూ. తెరవరు. మూత అరుగుతుందని."

మంగాయమ్మ నవ్వలేదు. "అయితే పర్లేదు" అంది. గేదెల్ని అదిలించుకుంటూ లంకకు వెళ్ళిపోయింది.